జీర్ణవస్త్రమునందలి ధనము
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



ఈ మహాసభయందు మాటలాడుటకు మమ్ము పిలిచిన కార్యనిర్వాహకులు మొదట విద్యావిషయమై ప్రసంగింపుమని కోరిరి. జీవితమంతయు బడిపిల్లలకు శబ్దములును ధాతువులును వల్లె వేయించి విశ్రాంతి గొన్నవారము గావున మమ్మట్లు కోరుట సహజమే. కాని విద్యను గూర్చి మీరు ఏటేట వినుచునే యున్నారు. ఈ యేడు మఱొక విషయమును విన్నవించుటకు అనుజ్ఞ వేడితిమి. అది మన యిండ్లలో పెట్టెల యడుగున పడియున్న పాతబట్టల విషయము. “పాతబట్టలను గూర్చి మహాసభలో ప్రసంగమా?” యని మా మిత్రుడొకడు నవ్వెను. ఇప్పుడు మీరును నవ్వవచ్చును. ప్రసంగము ముగియు వేళకు ఆ నవ్వు నిలువకున్నచో మా శ్రమ ఫలించినట్లే.

మాకు మొదట తోచునది కోశమే. అమరసింహుడు వస్త్రములను పుట్టుకను బట్టి నాలుగు తెగలుగా విభజించెను: నారనుండి పుట్టినవి, కాయనుండి పుట్టినవి, పురుగునుండి పుట్టినవి, మృగరోమమునుండి పుట్టినవి. మగ్గమునుండి అప్పుడే దిగిన బట్టకు అనాహతమనియు, నిష్ప్రవాణి యనియు పేళ్లు చెప్పెను. జీర్ణించిన బట్టకు పటచ్చరమని పేరు. ఆ కోశమునందే మఱొక తావున దొంగకు గల పేళ్లలో పాటచ్చరుడని యొకటి వినబడును. ఒక దీర్ఘము చేర్చినంతనే పాతబట్ట దొంగయైనది! వ్యుత్పత్తి యెట్లున్నను, పటచ్చర మున్నచోట పాటచ్చరుడును పొంచియుండుననుట మాత్రము మా యనుభవము. పాతబట్టకు దొంగలు ముగ్గురు. మొదటివాడు కాలము, రెండవవాడు లోభము, మూడవవాడు మఱపు. ఈ మువ్వురిలో మూడవవాడే ఘనుడు. వారి సంగతి చెప్పుటకు ముందు వారు దోచుకొను ధనమెట్టిదో చూపవలెను గదా.

మనవారు చిటికి కట్టుట యను పని లోకమున ఇకత్ అను పేర ప్రసిద్ధము. ఆ మాట మలయభాషనుండి వచ్చినది. కట్టుట యనియే దాని యర్థము. నేసిన బట్టపై బొమ్మ దించుట వేఱు. నేయకముందే పోగులను లెక్కప్రకారము బిగియగట్టి, కట్టినచోట రంగంటకుండ నద్ది, విప్పి, మఱల వేఱొకచోట గట్టి, మఱల నద్ది, తుదకు మగ్గమున కెక్కించుట వేఱు. పడుగునో పేకనో యొక్కదానినే యిట్లు కట్టి నేయుట కష్టము. రెండింటిని గట్టి, పడుగునందలి యెఱుపు పేకయందలి యెఱుపుమీద తప్పక పడునట్లు నేయుట కష్టములలోకెల్ల కష్టము. బృహదారణ్యకమున గార్గి యాజ్ఞవల్క్యుని ఈ లోకములు దేనియందు ఓతప్రోతములై యున్నవని ప్రశ్నించెను. పడుగుపేకల యుపమానము లేక బ్రహ్మవిద్యయు ముందునకు సాగలేదని దీనివలన గ్రహింతుము. ఆ యోతప్రోతములు రెండును రంగుతో నొకదానినొకటి గుఱుతుపట్టి కలసికొనునట్లు చేసినవాడు నేతగాడు.

ఇట్లు పడుగును పేకను గూడ కట్టి నేయు విద్య ప్రపంచమున మిక్కిలి కొలదిచోట్లనే నిలిచినది. గుజరాతునందలి పాటన్ నగరము, బాలిద్వీపమునందలి తెంగనాన్ గ్రామము, జపాను దేశము, మన తెలుగునేల, ఇవి యందు ముఖ్యములు.

పాటన్ పట్టణమున సాల్వీలను నేతవారు పటోలా యను పట్టువస్త్రమును నేయుదురు. 12వ శతాబ్దియందు కుమారపాల మహారాజు 700 సాల్వీ కుటుంబములను దక్షిణమునుండి రప్పించి యచ్చట నిలిపెనని వారి యైతిహ్యము. నేడు పాటన్‌నందు ఆ విద్య నెఱిగిన కుటుంబములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్నియే. ఒక్క చీరకు ముగ్గురు నలుగురు కలసి పనిచేసినను ఆఱుమాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరము పట్టును. ఏనుగు, చిలుక, రావియాకు, నాట్యమాడు స్త్రీ మొదలగు రూపములు దానియందు గానవచ్చును. లోపలి వైపు, వెలుపలి వైపు అను భేదము ఆ బట్టకు లేదు. ఈ వస్త్రములను వర్తకులు ఓడలపై తూర్పుదీవులకు గొనిపోయిరి. డచ్చి కంపెనీవారును ఆ వర్తకమును చేసిరి. అచ్చటి రాజులును గ్రామపెద్దలును వానిని కట్టి చింపలేదు. పెట్టెలయందు దాచి, వివాహమునకో, మరణమునకో, రోగశాంతికో మాత్రమే వెలికిదీసిరి. నేసినవారి దేశమున చిరిగిపోయిన పటోలాలు, కొన్నవారి దీవులలో తరతరములు నిలిచినవి.

బాలిద్వీపపు తూర్పుభాగమున తెంగనాన్ గ్రామమున్నది. అచ్చటి నూలుబట్టకు గెరింగ్సింగ్ అని పేరు. గెరింగ్ అనగా వ్యాధి, సింగ్ అనగా లేదు. వ్యాధి రానీయని బట్టయని వారి నమ్మకము. అద్దకమునకు ముందు నూలును కెమిరి గింజల నూనెయందును బూడిదనీటియందును చిరకాలము నానబెట్టుదురు. ఎఱుపు రంగును మనము తొగరు అను చెట్టుజాతియొక్క వేరుపట్టనుండి తీయుదురు. నీలియద్దకము ఆ యూర నిషిద్ధము గావున దానికై నూలును పొరుగూరికి బంపుదురు. ఒక బట్ట ముగియుటకు ఏండ్లు పట్టును.

ఇక మన చీరాల. అచ్చట పుట్టిన తేలియా రుమాలును ఎఱుగనివారు ఈ సభయందు ఉండరు. తేల్ అనగా నూనె. నూలును నూనెయందును, ఆముదపుకాయలను కాల్చిన బూడిద కలిపిన నీటియందును దినములకొలది నానబెట్టి పిసికి యారబెట్టుదురు. నూనెయు క్షారమును కలసినప్పుడు నూలు ఎఱ్ఱరంగును గాఢముగా పట్టుకొనును. ఎఱుపు, నలుపు, తెలుపు, ఈ మూడే వన్నెలు. నూనెవాసనయు మెత్తదనమును ఉదుకులాడినను చాలకాలము పోవు. అరబ్బు దేశములవారు వానిని తలపాగలుగా చుట్టిరి. హైదరాబాదునందు సంపన్నుల యంతఃపురములలో స్త్రీలు పైటలుగా వేసికొనిరి. 20వ శతాబ్ది ప్రథమార్ధమున ఈ విద్య చీరాలనుండి నల్లగొండ సీమకు వ్యాపించినది. పుట్టపాకయందు దానిని నిలిపినవారిలో గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. 2020వ సంవత్సరమున పుట్టపాక తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు లభించినది.

సముద్రమున కీవల ఆముదపుకాయల బూడిద, ఆవల కెమిరి నూనె! ఇరువురును రసాయనశాస్త్రమను మాట వినకమునుపే ఆ శాస్త్రమునందలి రహస్యమును చేతులతో నెఱిగియుండిరి. ఇట్టి జ్ఞానము బట్టయందే వ్రాయబడియున్నది. బట్ట పోయినచో ఆ పుట చిరిగిపోయినట్లే.

మగ్గపు బట్టలనే చెప్పి సూదిపనిని విడిచినచో స్త్రీలకు ద్రోహము చేసినవారమగుదుము. పంజాబునందలి ఫుల్కారీని చూడుడు. చేతితో వడకిన ముతక ఖద్దరుపై పురిలేని పట్టుపోగుతో, బొమ్మగీయక, పోగులు లెక్కించుచు, బట్టయొక్క వెనుకవైపునుండి కుట్టుదురు. ముందువైపు పూదోట విరియును. నేల కనబడకుండ నిండుగా కుట్టినదానిని బాగ్ అందురు. తోట యని యర్థము. మనుమడు పుట్టినప్పుడు నాయనమ్మ మొదలిడి, ఆ మనుమడు పెండ్లాడి తెచ్చిన కోడలికి కప్పెడు బాగులును కలవు. 1947లో దేశవిభజన కాలమున ఇండ్లు విడిచి పాఱిపోయినవారి వెంట వచ్చినవి కొన్ని, పోయినవి యెన్నియో. వంగదేశమున కాంథాలను పాతచీరలతోడను పాతధోవతులతోడను పొరలుగా పేర్చి, ఆ చీరల యంచులనుండి లాగిన దారముతోనే కుట్టుదురు. జీర్ణవస్త్రము మఱల నవాంబరమగుట అచ్చట చూడవలెను.

ఆ కాంథాలను సేకరించినవారిలో గురుసదయ దత్తుగారు అగ్రగణ్యులు. వారు పెద్ద యుద్యోగమున నుండియు పల్లెపల్లె తిరిగి వానిని కూడబెట్టిరి. 1941లో వారు స్వర్గస్థులైరి. కలకత్తా సమీపమున జోకాయందు వారి పేర మ్యూజియము వెలసినది. అందు మానదాసుందరీ దాసి యను నామె కుట్టిన కాంథా యొకటి సుప్రసిద్ధము. తన తండ్రికై స్వహస్తముతో కుట్టితినని ఆమె దానిమీదనే దారముతో వ్రాసికొనెను. ఈ మాటను మీరు గుఱుతుంచుకొనవలెను. దానియొద్దకు మఱల వత్తుము.

ఇక పాతబట్టను చూచు విధమెట్టిది? కొందఱు బట్టను విప్పగానే జరీ యెంత, బరువెంత యని యడుగుదురు. అది బంగారపు తూకము చూచునట్టి చూపు. బట్టను చూచుటకు మొదట వెనుకవైపు త్రిప్పవలెను. పోగులెట్లు పోయినవో, ముడులెచ్చట నున్నవో, ఏ పోగు వదలిపెట్టబడినదో వెనుకవైపే చెప్పును. రెండవది, భూతద్దముతో నూలును చూడవలెను. చేతివడకు నూలు ఒకచోట సన్నము, ఒకచోట లావు, ఊపిరి పీల్చుచున్నట్లుండును. యంత్రపు నూలు ఆద్యంతము ఏకరీతిగా నుండును. మూడవది, చిటికి బట్టయందు రంగు మాఱుచోట గీత కొంచెము చెదరినట్లు, నీటిలో నీడవలె ఉండవలెను. గీత కత్తితో కోసినట్లు స్పష్టముగా నున్నచో, ఒకవైపు రంగు గాఢముగా, ఒకవైపు వెలవెలబోయి యున్నచో, అది అచ్చుతో నద్దిన యనుకరణమని సందేహింపవలెను.

నాలుగవది రంగు. రంగు కాలమును కొంతవఱకు చెప్పగలదు. 1856లో పెర్కిన్ అను నాంగ్లయువకుడు తారునుండి ఊదారంగును కనుగొనెను. 1868లో జర్మనులు మంజిష్ఠలోని యెఱుపును, అనగా అలిజరినును, కృత్రిమముగా చేయ నేర్చిరి. 1897లో కృత్రిమ నీలి విపణికి వచ్చెను. కావున తారునుండి పుట్టిన ఊదారంగు పోగు కనబడిన బట్టను 200 ఏండ్లనాటిదని యెవరైన అమ్మజూపినచో నవ్వి నమస్కరించి లేచిరావలెను. ఐదవది, ఒంటరి నలుపు. ఇనుమును పులియబెట్టి చేసిన నల్లరంగు పాతబట్టలలో పోగును క్రమముగా తినివేయును. ఎఱుపు నీలములు చెక్కుచెదరక, నల్లగీతలున్నచోటనే బట్ట చీలియున్నచో అది లోపము గాదు; దాని వయస్సు చెప్పు ముడుతలలో నొకటి.

చూచువారు ఇట్లుండగా, కూడబెట్టువారును పలువిధములు. సులావెసి దీవియందలి తొరాజా ప్రజలు గుజరాతునందు అచ్చులద్దిన నూలుబట్టలను పవిత్రములని పెట్టెలలో దాచిరి. కర్బన పరీక్షయందు వానిలో కొన్ని 14, 15 శతాబ్దులవని తేలినవి. మన దేశమున నంత పాత నూలుబట్ట దొరకుట దుర్లభము. భక్తితో దాచినవారు వారు.

వేఱొక విధమైన సంగ్రహము 1866లో జరిగెను. లండనునందు జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను నధికారి హిందూదేశపు వస్త్రములను ముక్కలుగా గోసి 700 మచ్చులను 18 సంపుటములయందు అంటించెను. అట్టి ప్రతులు 20 చేయించి, 13 బ్రిటనునందును 7 మన దేశమునందును పంచిరి. మన జనులేమి కట్టుదురో చూచి, దానిని తమ మిల్లులలో చేసి మనకే యమ్ముట వారి ముఖ్యోద్దేశము. ఆ మచ్చులకు దొరకిన యూరు వ్రాసిరి, కొలత వ్రాసిరి. నేసినవాని పేరు వ్రాయలేదు. వారికి కావలసినది బట్ట, మనిషి కాడు. అయినను ఆ సంపుటములే నేడు మనకు నాటి నేతకు సాక్షులుగా మిగిలినవి. శత్రువు వ్రాసికొన్న లెక్కలో మన యాస్తి వివరము దొరకినట్లయినది.

1949లో అహమ్మదాబాదునందు గౌతమ్ సారాభాయి, గిరా సారాభాయి యనువారు కాలికో మ్యూజియమును స్థాపించిరి. దేశీయ వస్త్రములకొఱకు దేశీయులు కట్టిన మందిరమది. మీలో అహమ్మదాబాదు పోవువారు దానిని తప్పక దర్శింపవలెను. కాని తీర్థయాత్రకు ముందు ఇంటిదేవుని చూడవలెను గదా. మన యింటి పెట్టెయందేమున్నది?

ఇచ్చట మా తప్పిదము నొకదానిని సభాముఖమున ఒప్పుకొనవలసియున్నది.

మా తాతగారు గుంటమగ్గము నేసినవారు. వారు తమ ధర్మపత్నికి, అనగా మా నాయనమ్మగారికి, తమ చేతులతోనే ఒక పట్టుచీరను నేసియిచ్చిరి. పగలు షావుకారు బట్ట, రాత్రి దీపమువెలుగున ఈ చీర. ఏడాదికి గాని దిగలేదని మా తండ్రిగారు చెప్పుచుండెడివారు. ఎఱ్ఱని యొడలు, అరచేతి వెడల్పున వెండిజరీ యంచు, మూరెడు కొంగు. నాయనమ్మగారు దానిని జీవితమున పదిమాఱులైన కట్టలేదు. 1994లో మా చెల్లెలి వివాహమునకు ధనము చాలలేదు. మేమప్పుడు కొత్తగా పండితోద్యోగమున చేరినవారము. పాతజరీ కొనువాడొకడు వీధివెంట కేకవేయుచు పోవుచుండగా మేమే పిలిచితిమి. వాడు అంచును కొంగును కత్తిరించి తూచి, వెండి వెల లెక్కగట్టి సొమ్మిచ్చెను. ఒడలు వట్టి పట్టు గావున దాని కేమియు రాదని మా ముందట పాఱవైచెను. మా తండ్రిగారు అరుగుమీద కూర్చుండి ఒక్కమాటయు ననలేదు. ఆ వెండి కరగించుటకు బట్టను కాల్తురని మాకు తెలియును. అమరకోశమున వస్త్రశబ్దములన్నియు కంఠస్థములై యున్నవి. అయినను చేయి వెనుదీయలేదు.

వివాహము సుఖముగా జరిగినది. అందుకు మాకు విచారము లేదు. ఆడపిల్ల పెండ్లికంటె బట్ట ఘనమని మేము చెప్పబోము. కాని ఆ సొమ్ము మఱొకచోట అప్పు పుట్టియుండెడిది, తీర్చుకొనియుండెడివారము. ఆ చీర యిక పుట్టదు.

పాఱవైచిన ఒడలిలో నొక గజము మా తల్లిగారు ఉతికి, మా అమరకోశమునకు చుట్టుగుడ్డగా నిచ్చిరి. ఏండ్లు గడచినవి. ఒకనాడు మా తండ్రిగారు ఆ గుడ్డపై వ్రేలు పోనిచ్చి ఒకచోట ఆగి, “ఇది నాయన అతుకురా” యనిరి. తెగిన పడుగుపోగును బూడిదవ్రేళ్లతో మెలిపెట్టి అతుకుట మీ కందఱకు తెలిసినదే. మా తాతగారు ఎడమచేతివాటము గలవారట. వారి మెలి తక్కినవారి మెలికి ఎదురుగా తిరుగునట. మేము ముప్పదియేండ్లు ఆ గుడ్డను విప్పుచు చుట్టుచు నుండియు దానిని చూడలేదు. ఆ వ్రేళ్లకు తెలిసినది మా కండ్లకు తెలియలేదు. ఇప్పుడు తండ్రిగారును లేరు. తాతగారు నేసిన తక్కిన బట్టలు ఏ పెట్టెలలో నున్నను వానిని చూచి ఇది ఫలానావాని అతుకని చెప్పగల మనిషి లేడు.

ఇందుచేతనే మఱపును మూడవ దొంగగా లెక్కించి, ఘనుడని చెప్పితిమి. కాలము పోగును తినును. లోభము జరీని తినును. మఱపు నేసినవానిని తినును. తరువాత ఒక పెద్ద మ్యూజియమున అద్దాల వెనుక మన తీరపు బట్టనొకదానిని చూచితిమి. దీపము చక్కగా పెట్టిరి; శతాబ్ది వ్రాసిరి; దానమిచ్చిన దొరగారి పేరు వ్రాసిరి. నేసినవాని పేరు స్థానమున శూన్యము. వారిని నిందించి ప్రయోజనము లేదు. మనము చెప్పియుండినగదా వారు వ్రాయుటకు! మానదాసుందరి తన పేరును తానే కుట్టుకొనెను గావున నేడు ఆమె పేరు మనకు తెలియును. మన తాతలు కుట్టుకొనలేదు. వారి పక్షమున మనము వ్రాయవలెను.

ఇక మొదటి దొంగయగు కాలమును కొంతవఱకైన ఆపు నుపాయములను మన యిండ్లలో చేయదగినంతమేరకు చెప్పుచున్నాము.

పాతబట్టపై ఎండ పడనీయరాదు. గొప్ప మ్యూజియములలో బట్టలున్న గదియందు వెలుతురును 50 లక్సులకు మించనీయరు. అనగా సంధ్యవేళ వరండాలోని మసకవెలుతురువంటిది. గోడకు తగిలించి విద్యుద్దీపము పెట్టుట బట్టను నిత్యము కొంచెము కొంచెముగా కాల్చుటయే. మడతపెట్టిన బట్ట మడతవద్దనే చిరుగును. ఉతికిన గంజిలేని తెల్లని నూలుగుడ్డ చుట్టిన లావుపాటి గొట్టముమీద బట్టను చుట్టి యుంచుట ఉత్తమము. అది వీలుపడనిచో మూడు నాలుగు మాసముల కొకమాఱు విప్పి, నీడలో గాలి తగులనిచ్చి, మడతల చోటు మార్చవలెను. గంజి పెట్టరాదు, గంజి తినవచ్చిన పురుగు పోగునుగూడ కొఱుకును. ప్లాస్టికు సంచిలో మూసి యుంచరాదు. చెమ్మ లోపలనే నిలిచి బూజు పట్టును. వార్తాపత్రికలో చుట్టరాదు, ఆ కాగితపు ఆమ్లము బట్టను పచ్చబఱచును. కలరా యుండలు బట్టకు, ముఖ్యముగా జరీకి తగులరాదు. ఎండిన వేపాకును వసకొమ్మును గుడ్డమూటగట్టి పెట్టె మూలల నుంచుడు. ఇనుపసూదులు గ్రుచ్చరాదు. మాసినదని సబ్బుతో నుతుకరాదు, ఇస్త్రీ చేయరాదు. చిరిగినచో లాగి కుట్టక, క్రింద మెత్తని నూలుగుడ్డనుంచి ఆనిక యీయవలెను. అన్నిటికంటె ముఖ్యము: అందముగా నున్నదని ముక్కలు గోసి చట్రములకు బిగించుట, దిండ్లకు తొడుగుట మహాపాపము.

కొని కూడబెట్టదలచిన పోషకులకును ఒక మాట. 1972నాటి చట్టముచేత నూఱేండ్లు దాటిన కళావస్తువులను ప్రైవేటువారు విదేశములకు పంపరాదు. అమ్మువాడు తెచ్చిన బట్ట యెవరి యింటిదో, ఎట్లు వచ్చినదో అడిగి వ్రాసికొని మఱి కొనుడు. చెప్పలేనివానియొద్ద కొనకుండుట మేలు. పేదయింటి విధవరాలియొద్ద వెండి వెలకు కొని పట్టణమున పదింతల కమ్మువాని చేతికి మీరు తుదికొస కాగూడదు.

ఇంత చెప్పి, చేయవలసినది చెప్పకున్నచో ఈ ప్రసంగము వట్టి శబ్దాడంబరమగును. మేము మూడు మనవులు చేయుచున్నారము.

మొదటి మనవి: మన సంఘమునకు కార్యాలయమున్నది, బీరువాలున్నవి. ఒక బీరువాను పాతబట్టలకు కేటాయింపుడు. చెద పట్టనిది, చెమ్మ తగులనిది, తాళము గలది. ఇచ్చువారు దానముగా నీయనక్కఱలేదు. నిక్షేపముగా నుంచి, కావలసినప్పుడు తీసికొనవచ్చును. ఆడపిల్ల పెండ్లికని పాతజరీవానిని పిలువబోవు గృహస్థు మొదట సంఘమునకు కబురు పెట్టవలెను. వాడిచ్చు వెండి వెలను సంఘమే వడ్డిలేని యప్పుగా నిచ్చి, ఆ బట్టను తనయొద్ద కుదువ పెట్టుకొనవలెను. పోషకులు ప్రతియేట భవనములకును శిలాఫలకములకును ఇచ్చుదానిలో కొంత యీ నిధికి చేర్చినచో చాలును. మాకు 1994లో ఇట్టి తలుపొకటి తెఱచియుండినచో ఆ చీర నేడు ఈ వేదికమీద నుండెడిది.

రెండవ మనవి: ఒక పెద్దపుస్తకము. ప్రతి బట్టకు ఒక పుట. ఎవరు నేసిరి, ఎవరు నూలు తోడిరి, ఎవరు రంగద్దిరి, ఏ యూరు, ఏ మగ్గము, ఎవరికొఱకు, ఏ శుభకార్యమునకు. బట్ట లేకున్నను జ్ఞాపకమున్నచో అదియు వ్రాయుడు. ముసలివారు బ్రతికియుండగనే వారి వ్రేళ్లను బట్టమీద పెట్టించి, వారు చెప్పినది చెప్పినట్లు దింపుకొనుడు. ఆడవారి పేళ్లను విడువకుడు. చిటికి చీరకు ఆసు పోయుటలో ఒక్క చీరకు వేలమాఱులు చేయి చాచి త్రిప్పవలెను. మన యిండ్లలో ఆ భుజపునొప్పి స్త్రీలదే. తన తల్లి పడు బాధను చూడలేక చింతకింది మల్లేశముగారు ఆసుయంత్రమును చేసిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఆ తల్లి పేరు లక్ష్మియని, ఆ యంత్రమునకు ఆమె పేరే పెట్టిరని లోకమెఱుగును. అంతకుముందు ఆసు పోసిన వేల తల్లుల పేళ్లు ఏ పుస్తకమున నున్నవి?

మూడవ మనవి: పాతబట్టను ఆదరించువాడు జీవించియున్న చేతిని మఱవరాదు. నూఱేండ్ల రుమాలును లక్షలకు కొని, దానిని నేడును నేయగలవానికి కూలి బేరమాడువాడు సంగ్రాహకుడు గాడు. బీరువాలోని ప్రతి పాతబట్టను చూచి ఏటేట ఒకదానినైన మఱల నేయింపుడు. తగిన కూలి యిచ్చి, అంచున నేసినవాని పేరు నేయింపుడు. మన పిల్లలు నేడు పరదేశములలో యంత్రగణకముల యెదుట కూర్చుండి జీవించుచున్నారు. వారిని మగ్గమునకు తిరిగి రమ్మని మేము కోరము. మేమును మగ్గము విడిచి పుస్తకము పట్టినవారమే. కాని వెనుకవైపు త్రిప్పి చూచు చూపునైన వారికి నేర్పుదము.

ప్రసంగము ముగించుచున్నాము. మా అమరకోశమునకు చుట్టిన గజము గుడ్డ ఇదిగో మా చేత నున్నది. జరీ లేదు, వెల కట్టువాడు లేడు, వెలసిన యెఱుపు. అతుకున్నచోట మేము దారముతో చిన్న గుఱుతు పెట్టితిమి. సంఘమువారు బీరువా తెఱచినచో దానియందు మొదట చేరవలసినది ఇదియే యని సవినయముగా సమర్పించుచున్నారము. పుస్తకమునందు మొదటి పుటలో మా తాతగారి పేరును, నాయనమ్మగారి పేరును వ్రాయింపుడు. అమ్మినవాని పేరుగూడ వ్రాయింపుడు. అది మా పేరే. ఇకమీద వ్రాయబోవు పుటలలో అట్టి మూడవ పేరు వ్రాయవలసిన యవసరము ఎవ్వరికిని కలుగకుండుగాక యని భగవంతుని ప్రార్థించుచున్నారము.

శుభమస్తు.